కాక దాచుకున్న కన్ను

అరబ్బు దేశపు రేవు రైసూత్‌లో మా ప్రయోగశాల కిటికీ ఎదురుగా జిప్సం గుట్టలు ఉంటాయి. ఎండ పడితే వాటిని నేరుగా చూడలేం. కళ్లు చికిలించి, తల కాస్త పక్కకు తిప్పుకుని నడవాలి. ఆ గుట్టల అడుగున ఒక సొరంగం ఉంది. పైనుంచి జారిన రాయి సొరంగంలోని బెల్టు మీద పడి ఓడవైపు సాగుతుంది. బెల్టు పక్కన ఒలికిన పొడిని పారలతో ఎత్తిపోసేవాళ్లలో అందరికన్నా పెద్దవాడిని కాక అనేవాళ్లం. మంచిర్యాల వైపు మనిషి, యాభై దాటిన వయసు. మాది గుంటూరు. మా ఇంట్లో చిన్నాన్నను కాక అనకపోయినా, అందరితో పాటు నేనూ కాక అనే పిలిచేదాన్ని.

ఆయన మీద నాకు మొదట కలిగింది అనుమానమే. నమూనాల కోసం యార్డులోకి వెళ్లినప్పుడల్లా ఆయన గళ్ల రుమాలును కుడికన్ను మీదుగా బిగించి కట్టుకుని కనిపించేవాడు. సొరంగం నోటి దగ్గర ఆగి, ముడి సడలించి, అదే రుమాలును ఎడమకన్ను మీదికి జరిపి, అప్పుడు లోపలికి నడిచేవాడు. ఇదేదో మొక్కో దిష్టి భయమో అయి ఉంటుందనుకున్నాను. నా పని రాయిలో తేమ ఎంతుందో కొలవడం. మనుషుల నమ్మకాల జోలికి వెళ్లే తీరిక లేదు.

కానీ ఒక సంగతి మనసులో నిలిచిపోయింది. జూలై, ఆగస్టు నెలల్లో ఇక్కడ ఖరీఫ్ అనే వానకాలం వస్తుంది. కొండల మీది నుంచి మంచు దిగి, తుంపర పడి, రోజంతా బూడిదరంగు వెలుతురు. ఆ రోజుల్లో కాక కన్ను మూసుకోడు. రుమాలు మెడలోనే ఉంటుంది. మొక్కయితే వానకు మినహాయింపు ఉండదు. ఎండను బట్టి మారే అలవాటుకు ఏదో కారణం ఉండాలి.

ఖరీఫ్ ముగిసి ఎండ తేలిన వారంలోనే మా సేఫ్టీ ఆఫీసరు నా గదికి వచ్చాడు. విశాఖపట్నం కుర్రాడు, పనిలో చేరి ఏడాది.

"మేడం, ఆ కాక ఒంటికన్ను మనిషాండీ?"

"ఎవరన్నారు?"

"ఎవరో అనడమేటండీ, నేనే చూశాను. కన్నుకి గుడ్డ కట్టుకుని బెల్టు దగ్గరికి పోతున్నాడు. రేపేదైనా అయితే నా మెడకే కదా."

బెల్టు దగ్గర పనిచేసేవారికి రెండు కళ్లూ సరిగ్గా ఉండాలన్నది నియమం. ఆ నెలలోనే కాక కాంట్రాక్టు తిరగరాయాలి. చూపులో లోపం ఉందని కాగితం మీద పడితే ఆ వయసు మనిషికి కంపెనీ ఇంకో పని చూపించదు, ఇంటికి పంపేస్తుంది. ఊళ్లో ఆయన చిన్నకూతురు నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. ఇదంతా ఆ కుర్రాడికీ తెలుసు. తెలిసే నా దగ్గరికి వచ్చాడు.

"గురువారానికి నేను రిపోర్టు రాయాలండీ. ఆయనేమో చీకట్లో కనపడ్డానికే కడుతున్నానంటాడు. అది నిజమో కాదో మీరు చెప్పండి."

మధ్యాహ్నం భోజనాల షెడ్డులో కాకను పట్టుకున్నాను. ఆయన రూమ్‌మేట్ పక్కనే కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"నాకు రెండు కండ్లూ మంచిగనే ఉన్నయ్ మేడం. ఒకటి ఎండకు, ఒకటి చీకటికి పెట్టుకున్న."

"కాక రెండు కండ్లకు రెండు డ్యూటీలిచ్చిండు," అన్నాడు రూమ్‌మేట్. "ఓవర్‌టైమేమో ఒక్కదానికే వస్తది."

"నువ్వు తిను. నిన్న సొరంగంల కాలువల పడ్డదెవరు?"

రూమ్‌మేట్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడట. పొద్దటి ఎండలో డ్యూటీకి నడిచి పోయేటప్పుడు ఒక కన్ను తువాలుతో కప్పుకునేవాడట. దీన్ని సరిచూసే మార్గం నాకు లేదు కనుక పక్కన పెట్టాను.

"కప్పితే కంట్ల సల్లదనం నిలుస్తది. ఎండ దాన్ని తాగకుంట కాపాడుకోవాలె. గంతే."

"చల్లదనం కాదు కాకా," అన్నాను. కంటి వెనక పొరలో మసక వెలుతురును పట్టే దండకణాలు ఉంటాయనీ, వాటి నిండా రోడాప్సిన్ అనే రంగుపదార్థం ఉంటుందనీ చెప్పాను. అందులో ఒక మాంసకృత్తు, దాని ఒడిలో ఒదిగి వంగి కూర్చున్న రెటినాల్ అనే చిన్న అణువు ఉంటాయి. విటమిన్ ఎ నుంచి తయారయ్యేది ఈ రెటినాలే. వెలుతురు తగిలితే వంపు పోయి నిటారవుతుంది. ఆ కదలికే చూపుకు మొదటి కబురు. తర్వాత అది మాంసకృత్తును విడిచిపోతుంది, రంగు వెలిసిపోతుంది. మళ్లీ వంపు తిరిగి వచ్చి కూర్చుంటే తప్ప ఆ కణం మసక వెలుతురుకు పనికిరాదు. ఎండలో ఇలా వెలిసిన రంగు పూర్తిగా తిరిగి కూడటానికి చీకట్లో అరగంట దాకా పడుతుంది.

కాక ఓపిగ్గా విన్నాడు.

"అంటే నేను జెప్పిందే గదా."

"కాదు. మీరు చల్లదనం అన్నారు."

"నువ్వు రంగు అంటున్నవ్. మూస్తే మిగుల్తది, తెరిస్తే పోతది. అది ఒక్కటే గదా?"

పుస్తకంలో ఉన్నంత మాత్రాన రుమాలు కట్టుకున్న మనిషి విషయంలో అది రుజువైనట్టు కాదు. పలచని గుడ్డలోంచి ఎండ దూరవచ్చు. కణాల్లో మిగిలిన రంగు ఆయన పనికి చాలకపోవచ్చు. చీకట్లో కంటిపాప పెద్దదవడమే అసలు కారణమనీ ఎవరైనా వాదించవచ్చు. పరీక్షించి చూడాల్సిందే.

మర్నాడు మధ్యాహ్నం రసాయనాలు దాచే కిటికీలేని గదిని ఖాళీ చేయించాను. తలుపు సందులో చెక్కముక్క పెట్టి, ఎప్పుడూ ఒకే సన్నని వెలుతురు గీత లోపల పడేలా చూశాను. కుడికన్ను మీద దూది, దాని పైన నల్లకాగితం అంటించుకుని జిప్సం గుట్టల మధ్య ఇరవై నిమిషాలు తిరిగాను. గదిలోకి వచ్చి కాగితం తీసి, ఎడమకన్ను మూసి చూశాను. ఏమీ కనపడలేదు. కళ్లు మార్చాను. అదే చీకటి.

బయటికి వచ్చి సేఫ్టీ ఆఫీసరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. గుమ్మం పక్కన పార మీద గడ్డం ఆనించి నిలబడ్డ కాక మాత్రం కదలలేదు.

"లోపట టైమెట్ల జూసినవ్ మేడం?"

"ఫోన్లో."

"ఏ కంటితోటి?"

ఆలోచించి చూస్తే, ఎడమకన్ను మూసుకుని ఉన్నాను. దాచిన కన్నుతోనే ఫోను తెర చూశాను. యార్డులో వాడే ఫోను గనక వెలుతురు పూర్తిగా పెంచి ఉంది. ఇరవై నిమిషాలు కాపాడుకున్న చీకటి చూపును రెండు క్షణాల్లో నేనే చెదరగొట్టుకున్నాను. నలభై ఏళ్లకు పైబడ్డ నేను, పట్టా ఉన్న నేను, బడిపిల్లలు చేయదగ్గ తప్పు చేశాను.

"దాసుకున్నది గట్ల ఒలకవోసుకుంటరా ఎవరన్న?" అన్నాడు కాక. ఎగతాళి కాదు. పార పట్టడం రాని కొత్తవాడికి చెప్పే గొంతు.

రెండోసారి ఫోను బయటే వదిలాను. నిమిషాలు గుమ్మం బయటి నుంచి సేఫ్టీ ఆఫీసరు పలికాడు. వృత్తం, చతురస్రం, ఇంటూ గుర్తు లావుగా గీసిన అట్టముక్కలను అతనే కలిపి నాకు తెలియని వరసలో బల్ల మీద పెట్టాడు. దాచిన కంటికి అట్టలు ఒకదాని తర్వాత ఒకటి తేలిపోయాయి. నేరుగా చూస్తే చెదిరిపోయేవి, కాస్త పక్కకు చూస్తే నిలిచేవి. చూపు నడిమధ్యలో దండకణాలు ఉండవు కనుక అలాగే ఉండాలి. ఎండ చూసిన కంటికి మొదటి ఆకారం దొరికేసరికి బయటి నుంచి "పది" అని వినిపించింది.

కంటిపాప వాదం కూడా నిలవలేదు. ఒక కంటికి ఎండ తగిలితే రెండో కంటిపాప కూడా చిన్నదవుతుంది. ఆరుబయట తిరిగినంతసేపూ నా రెండు పాపలూ ఒకేలా ముడుచుకునే ఉన్నాయి. గదిలోకి వచ్చాక రెండింటికీ ఒకే చీకటి. తేడా ఉన్నది కంటి వెనక పొరలోనే.

ఒక్క మనిషి ఫలితం చాలదని సేఫ్టీ ఆఫీసరుకూ కన్ను కట్టి ఎండలోకి, ఆపైన గదిలోకి పంపాను. దాచిన కంటితో అట్టలన్నీ చదివాడు. కళ్లు మార్చుకుని రెండడుగులు వేశాడో లేదో చప్పుడయింది.

"ఇక్కడ బల్లెప్పుడు పెట్టారండీ?"

"ఇందాక మీరు అట్టలు పెట్టిన బల్లే అది."

"ఇగ సూడు," అన్నాడు కాక. "పిలగాడు ఆఫీసరు."

కుర్రాడు మోకాలు రుద్దుకుంటూ బయటికి వచ్చాడు గానీ సంతోషంగానే ఉన్నాడు. "అయితే రాసేస్తానండీ, కాకకి ఏటీ లోపం లేదని."

అక్కడితో ఆపి ఉంటే అందరికీ బాగుండేది. కానీ ఇంకొక ప్రశ్న మిగిలింది. రుమాలు కట్టుకుని యార్డు దాటే ఆ పదిహేను నిమిషాలూ ఏం జరుగుతోంది? రాయి ఎత్తిపోసే లోడరు బండ్లు తిరిగే దారి ఆయనకు కుడిపక్కనే. ఖాళీగా ఉన్న మూలలో కాకను అలాగే నడవమన్నాను. కుడివైపు నుంచి బకెట్టు పట్టుకుని నేను ఎదురు నడిచాను. చేయి చాపితే తగిలేంత దగ్గరికి వచ్చేదాకా ఆయనకు నేను కనపడలేదు.

"కాకా, ఇది కూడా రాయాలి."

"ఎందుకు?"

"జరిగింది కాబట్టి."

"పాసైన పరీక్ష రాయి బిడ్డా. ఇదెందుకు?" రుమాలు విప్పి మెడలో వేసుకున్నాడు. "నువ్వు నా దిక్కా, కంపెనీ దిక్కా?"

నాకది దిక్కుల సంగతి కాదు. ఆయన వైపు నుంచి చూస్తే దిక్కుల సంగతే. ఆ సాయంత్రం రెండు పేరాలు రాశాను. చీకటి గదిలో మేమిద్దరం చూసినది మొదటిది, యార్డులో ఒకసారి జరిగినది రెండోది. కాక కళ్ల మీద తీర్పు ఇవ్వడానికి నేను కంటి డాక్టర్ని కాను, పరీక్షకు పంపండి అని చివర చేర్చాను. రెండో పేరా ఆయన్ని విమానం ఎక్కిస్తుందేమోనన్న భయం నాకు లేకపోలేదు. తీసేయాలని చేయి రెండుసార్లు ముందుకు వెళ్లింది. కానీ లోడరు నా కాగితం చదివి ఆగదు.

కాక రెండు రోజులు మా గది వైపు రాలేదు. రోజూ మిగిలిన చాయ్ ఆయనకే పోసేవాళ్లం. ఆ రెండు రోజులూ అది ఫ్లాస్కులో చల్లారిపోయింది.

డాక్టరు చూసి రెండు కళ్లకూ దూరపు చూపు సరిగ్గా ఉందని రాశాడు, దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చాడు. సేఫ్టీ ఆఫీసరు సొరంగం నోటి పక్కన నీడలో ఒక బెంచీ వేయించాడు. కన్ను మూసుకోదలచిన వాళ్లు అక్కడ కూర్చునే మూసుకోవాలి, మూసుకుని యార్డులో నడవకూడదు, ఆ సమయం కూడా డ్యూటీ కిందికే వస్తుంది అని ఆర్డరు తీశాడు. కాంట్రాక్టు మరో రెండేళ్లకు తిరగరాశారు. మొదటి వారం బెంచీ మీద కాక ఒక్కడే. రెండో వారం రూమ్‌మేట్ కూడా పక్కన చేరి, అరచేత్తో కన్ను మూసుకుని, తనను చూసి ఎవరైనా నవ్వుతున్నారేమోనని రెండో కన్నుతో కనిపెడుతూ కూర్చున్నాడు.

ఆ బెంచీ ఇంకా పడకముందే, కాగితం రాసిన మూడో రోజున, కాక కొత్త అద్దాలు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"నా మీద రాసిన కాయిదం సదివి వినిపియ్యి. ఇంగ్లీషుల ఏం రాసినవో నాకెర్కలేదు."

కూర్చోబెట్టి, చాయ్ పోసి, వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. రెండో పేరా దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. చదివాను. తల ఊపాడు. మొదటి పేరాకు వెనక్కి వెళ్లమన్నాడు.

"ఇరవై నిమిషాలు మూసుకోవాలె అని రాసినవా?"

"మేం మూసుకున్నది అంతే. నేను కొలిచాను."

"పదిహేను జాలు. నేను రోజు జేస్త."

"మీరు గడియారం చూసి చేశారా?"

"నువ్వు పదిహేనుకు జేసి జూసినవా?"

చూడలేదు. ఇరవైతో మొదలుపెట్టి ఇరవైతోనే ఆపాను. తక్కువతో పరీక్షించాలన్న ఆలోచనే రాలేదు. ఆ మాట ఒప్పుకున్నాను. కాక గ్లాసు కింద పెట్టి, అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మెడలోని రుమాలు విప్పాడు.

"లెవ్వు మరి. ఆ పిలగాన్ని పిలువు, నిమిషాలు జెప్పెతందుకు."