గుట్ట కాలనీ గేటు దాటిన తాళాలక్క

రైలు పట్టాలకు దిగువనున్న పేటలో ఎవరినడిగినా తాళాలక్క ఇల్లు చూపిస్తారు. తండ్రి దగ్గర నేర్చిన పని. సన్నటి ఇనప పుల్ల లోపలికి పోనిచ్చి, చెవి ఆనించి, ఎంత మొండి తాళాన్నైనా దారికి తెచ్చేస్తుంది.

చిక్కల్లా పట్టాలకు ఎగువన, గుట్ట మీది కాలనీతోనే. ఫోన్ చేసి, "ఎక్కడినుంచి వస్తారు?" అని అడిగేవాళ్లు. పేట పేరు చెప్పగానే గొంతు మారిపోయేది. "మళ్లీ చేస్తాం లెండి." ఆ మళ్లీ ఎప్పటికీ వచ్చేది కాదు.

"కార్డు మీద మా ఆఫీసు అడ్రసు వేయించుకో అక్కా," అన్నాడు తమ్ముడు.

"తాళాలు తీసేదాన్ని, నేనే దొంగ అడ్రసు పెట్టుకుంటే ఇంకేముందిరా!" అని నవ్వేసి, స్కూటర్ పెట్టె మీద పేట పేరు పెద్దక్షరాలతో రాయించింది.

ఒక మధ్యాహ్నం ఆ కాలనీ నుంచే ఫోను. ఒక ముసలావిడ స్నానాలగదిలో ఇరుక్కుపోయారు, తలుపు తాళం బిగుసుకుపోయింది, ఎప్పుడూ పిలిచే తాళాలతను ఊళ్లో లేడు. ఆదరాబాదరాగా వెళ్తే కాపలాదారు గేటు తీయడే!

"లోపలికి రానిచ్చే పనివాళ్ల జాబితాలో నీ పేరు లేదమ్మా. ఆ పేటవాళ్లని రానివ్వొద్దన్నారు."

"నువ్వుండేది మా వెనక వీధేగా అన్నా?"

అతను తల దించుకున్నాడు. "నా ఉద్యోగం పోతుందమ్మా."

"లోపల పెద్దావిడకేమైనా అయితే ఉంటుందా?"

గేటు తెరుచుకుంది.

ముసలావిడ కూతురు తాళాలక్కను చూడగానే బల్ల మీది హ్యాండ్‌బ్యాగు తీసి భుజానికి తగిలించుకుంది. తాళాలక్కకు చివుక్కుమంది. అయినా మోకాళ్ల మీద కూర్చుని, "పెద్దమ్మగారూ, తలుపుకి కాస్త దూరంగా జరగండి," అంది. పది నిమిషాల్లో తలుపు తీసింది. ముసలావిడ బయటికొచ్చి ఆమె చెయ్యే పట్టుకున్నారు.

"మీరు ఆ పేటవాళ్లలా లేరండీ," అంది కూతురు మెచ్చుకోలుగా.

"ఎంతమందిని చూశారేంటి?"

కూతురు భుజానున్న బ్యాగు తీసి మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"మీ గేటు కాసే ఆయనదీ ఆ పేటే. రాత్రిళ్లు మీరు నిశ్చింతగా పడుకునేది ఆయన మీద భరోసాతోనే. నాకు మెప్పులొద్దు గానీ, ఆ జాబితాలో నా పేరు రాయించండి. పేట పేరుతో సహా."

కాలనీ కమిటీ మొదటిసారి కుదరదంది. రెండోసారి చూద్దామంది. మూడోసారి ముసలావిడే చేతికర్ర పట్టుకుని మీటింగుకి వచ్చి, "పేరు రాస్తేగానీ లేవను," అని ముందు వరస కుర్చీలో కూలబడ్డారు. రాశారు.

గుట్ట మీద అందరూ మారిపోయారని కాదు. పిలిచేది పదకొండు ఇళ్లవాళ్లే. అయితే వాటికే ఆమెకు తీరిక దొరకడంలేదని, పేటలో ఇద్దరు ఆడపిల్లలకు పని నేర్పుతోంది. నిన్న వాళ్లిద్దరిలో పెద్దపిల్ల నలభై నిమిషాలు తంటాలుపడి, మొదటిసారి ఒంటిచేత్తో ఒక తలుపు తీసింది, ఆ గుట్ట మీదే.