పక్క కుర్చీ మీద రుమాలు

మా పోచమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

శనివారం మధ్యాహ్నం మూడింటికి మేడిపల్లిలో బస్సెక్కాను. ఎంత కిక్కిరిసి ఉందంటే, ఉప్పల్‌లో నా చొక్కా దిగిన ఐదు నిమిషాలకు నేను దిగాను. పోవాల్సింది నాచారం. అక్కడి ఫిల్మ్ క్లబ్బులో ఒక పాతకాలపు జర్మన్ దర్శకుడి సినిమాలు రెండు వేస్తున్నారు. టికెట్ లేదు, ఊరికే చూడొచ్చు. ఆ సంగతి యాదగిరికి కూడా ఫోన్‌లో పంపాను. చదివాడు. జవాబు లేదు.

యాదగిరీ నేనూ ఇరవై ఏళ్లు పక్కపక్క కుర్చీల్లో సినిమాలు చూశాం. అతను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ మీద పనిచేసేవాడు. నాలుగేళ్ల కింద ఆ ఫ్యాక్టరీ గొప్పలు చెప్పే చిన్న సినిమాకు మాటలు రాసింది నేనే. 'ఇక్కడ ఒక్క కార్మికుడికీ గీత పడలేదు' అని రాశాను. అంతకు ముందు నెలే ఆ మిషన్ యాదగిరి రెండు వేళ్లు తీసుకుంది. సినిమా వేసిన రోజు సగంలో లేచి వెళ్లినవాడు మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఉప్పల్ నుంచి షేర్ ఆటో, ఇరవై రూపాయలు.

"సిన్మాకా? హీరో ఎవలన్నా?" అన్నాడు డ్రైవర్.

"హీరో లేడు. ఊరే హీరో."

"మరి పాటలు?"

"రైళ్లు పాడుతయి."

"మస్తుగున్నది. ఒక్కనివే పోతున్నవా?"

"దోస్తు వస్తుండు" అన్నాను.

నాలుగున్నరకు హాల్లో ఉన్నాను. ఇరవై కుర్చీలు, చాయ్, సమోసా. బస్సు కిటికీలోంచి సీటుకు వేసినట్టు పక్క కుర్చీ మీద రుమాలు వేశాను. మొదటి సినిమా ఒక మహానగరంలో ఒక రోజు. ఖాళీ వీధులు, లేస్తున్న షట్టర్లు, పనికి పోయే కాళ్లు. మాటల్లేవు. నాచారం పొద్దుటి షిఫ్టులాగే ఉంది. రెండోది అదే మనిషి నాజీల సర్కారు కోసం తీశాడు. కరిగే ఉక్కు, సుత్తి దెబ్బలు, చివరికి ఆయుధాలు. చూడ్డానికి ఎంత అందంగా ఉందో, అందుకే నాకు భయమేసింది.

అప్పుడొచ్చాడు యాదగిరి. రుమాలు తీసి నా ఒళ్లో పడేసి కూర్చున్నాడు.

"ఏందిరా, మిషన్లు మెరుస్తున్నయి గని, మనుషులేరి?"

"నేను రాసిన దాంట్ల గూడ లేరు. తప్పు నాదే."

మూడు వేళ్ల చెయ్యి నా భుజం మీద వేశాడు. "సమోసా ఉంచినవా, అదీ తిన్నవా?"

ఏడున్నరకు ఉప్పల్‌లో తిరుగు బస్సు దొరికింది. మీరూ వెళ్తే రెండూ చూడండి. మొదటిది చూసినవాళ్లకే రెండోదాని పాపం తెలుస్తుంది.

ఒట్టు తీసి గట్టున పెట్టే చోటు ఇదే. చొక్కా సంగతి మీరు కనిపెట్టే ఉంటారు. యాదగిరి రాలేదు. ఒకామె వచ్చి "ఈడ ఎవలన్న ఉన్నరా?" అని రెండు సార్లు అడిగింది. రెండు సార్లూ "వస్తుండమ్మా" అన్నాను. పాపం, గోడకానుకునే సినిమా చూసింది. 'తప్పు నాదే' అనడం మాత్రం నిజం. రుమాలుతో అన్నాను.

బస్సులో ఆ రెండు మాటలే యాదగిరికి పంపాను. చదివాడు. ఏదో రాస్తున్నట్టు ఫోన్‌లో కాసేపు కనిపించింది. మేడిపల్లి వచ్చేసరికి అదీ ఆగిపోయింది. ఇది కల్పన కాదు. కల్పనైతే జవాబు కూడా రాయించేవాణ్ణి.