చైను మార్చింది పిన్నే

పక్కింటి పిన్ని పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ బస్సు కోసం నిలబడి ఉన్నాను. నాలుగు రోజుల జ్వరం. విజయవాడ తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాను. మా ఊరి మెకానిక్ షెడ్డు ఓనరు మొహం అడ్డం వచ్చింది. ఇక నిన్ను వదలనురా అనుకున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఉండాల్సిన నెమ్మది నా దగ్గర లేదు. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

పిన్ని మాకు చుట్టం కాదు. మా గోడకు ఆవలి ఇల్లు. వరండాలో కుట్టుమిషను పెట్టుకుని వీధంతటికీ జాకెట్లు కుట్టేది. మెడలో టేపు తీసేది కాదు, అన్నం తినేటప్పుడు వెనక్కి వేసుకునేది, అంతే. నేను ఎవరిమీదో ఊగిపోతూ వస్తే మిషను ఆపకుండానే, "ఇవాళ నీ చేతిలో ఎవర్రా చచ్చింది?" అనేది. సభల్లో పంచిన కరపత్రాలు తెచ్చి చదివితే చివరిదాకా వినేది. విని, "బాగానే ఉందిరా. బొత్తాలు కుట్టేవాళ్ళ సంగతి రాయలేదే?" అనేది. 

ఆ ఇంటికి ఆధారం బాబాయ్ నడిపే అద్దె కారు. మూడు లక్షల కిలోమీటర్లు దాటిన బండి. మూడేళ్ళ కిందట బాబాయ్ స్నానాలగదిలో జారిపడి, తొడ ఎముక విరిగి మంచాన పడ్డాడు. అదే నెలలో బండి కూడా మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఒకటే మోత. పిన్ని కబురు చేస్తే షెడ్డు ఓనరు వచ్చి ఒక్క నిమిషం విన్నాడు.

"ఇంజను అయిపోయిందమ్మా. పాతసామాను కింద నేనే తీసుకుంటాలే."

"టైమింగ్ చైను సాగితే ఇట్టాగే మోగుద్దంటగా అన్నా? అదొక్కటీ మారిస్తే సరిపోదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫోన్లో చూశా."

అతను వీధి వినేట్టు నవ్వాడు. "నువ్వు జాకెట్లు కుట్టుకో తల్లీ. ఇంజను కుట్టేది కాదు."

అతను సందు మలుపు తిరిగేదాకా చూసి పిన్ని నాతో, "విజయవాడ పోయి చైను పట్రా. మనమే మారుద్దాం," అంది. బండి పోతే బాబాయ్ లేచాక ఏం చేస్తాడు? ఆమెకున్న లెక్క అదొక్కటే.

ఇంజను కింది భాగాన్నీ పై భాగాన్నీ ఒకే లయలో తిప్పేది ఆ చైను. ఒక్క పన్ను తేడాగా ఎక్కించినా బండి సరిగా నడవదు, ఎక్కువ తప్పితే లోపల వాల్వులు వంగిపోతాయి. పిన్ని ఫోన్లో ఆ పని చూపించే వీడియోలు భాష తెలియకుండానే పదిసార్లు చూసింది. చైను మీది మూత విప్పేముందు ఖాకీ కాగితం పరిచి, జాకెట్టుకి గీసినట్టు ఆ మూత ఆకారం గీసింది. విప్పిన ప్రతి బోల్టునీ కాగితంలో దాని చోట గుచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, అవన్నీ ఒకే పొడుగు కావని. పళ్ళచక్రాల మీద గుర్తు చుక్కలు కనపడకపోతే తుడిచి సుద్ద రుద్దింది. చుక్కలు తెల్లగా తేలాయి.

"నా బండిని చంపేస్తున్నార్రో!" కిటికీలోంచి బాబాయ్ కేక.

"మీరు కాస్త అటు తిరిగి పడుకుంటారా?" పిన్ని.

కొత్త చైను ఎక్కించగానే నేను తొందరపడ్డాను. "మూత బిగించి సెల్ఫ్ కొట్టేద్దాం పిన్నీ."

"ఆగు. ముందు చేత్తో తిప్పు. నిండుగా రెండు చుట్లు."

కింది పెద్ద బోల్టుకి స్పానరు తగిలించి తిప్పాను. కింది చుక్క చోటుకి వచ్చింది. పై చుక్క ఒక పన్ను పక్కన ఆగింది. బిగించేటప్పుడు నా చెయ్యే చక్రాన్ని కదిపేసింది. స్పానరు విసిరేశాను.

"విసిరితే పన్ను సర్దుకుంటదా? తీసుకురా పో," అంది పిన్ని. తెచ్చేసరికి అప్పటికే విప్పుతూ ఉంది. "విప్పి కుట్టడానికి సిగ్గుపడితే ఎవరికీ జాకెట్టు సరిపోదురా."

మూడో రోజు బండి స్టార్టయింది. రెండు క్షణాలు గరగరమని, నూనె ఎక్కగానే మెత్తబడింది. పిన్ని బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. గోళ్ళలో నలుపు పోక రెండు రోజులు తెల్లగుడ్డ ముట్టుకోలేదు.

బాబాయ్ కోలుకుని కార్ల స్టాండుకి వెళ్ళిన మొదటి రోజు నేనూ పక్కనే ఉన్నాను. "మోత పోయిందే, చైను ఎవరు మార్చారు?" అని ఒక డ్రైవరు అడిగాడు. బాబాయ్ నా వైపు చూడకుండా, "షెడ్డులో చేయించా," అన్నాడు.

పరుగెత్తుకొచ్చి పిన్నికి చెప్పాను. మిషను ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నడిచింది.

"పెళ్ళాం చేత ఇంజను విప్పించాడని ఏడిపిస్తార్రా ఆయన్ని. పోనీ. బండి నడుస్తోందిగా."

"పోనీ ఏంటి పిన్నీ? నీ పని అది!"

"నువ్వు నోరు తెరిచావంటే నా గడప తొక్కొద్దు."

నేను తెరవలేదు. షెడ్డు ఓనరు తెరిచాడు. ఆ చైను తన చేతి పనేనని ఊరంతా చెప్పుకున్నాడు. పరిటాల నుంచి, కంచికచర్ల నుంచి కార్లు ఆ షెడ్డు వెతుక్కుంటూ వచ్చాయి. శ్రమ దోపిడీ అని కరపత్రాల్లో వందసార్లు చదివాను. దోచేవాడికి తలుపు తీసేది ఇంట్లోవాడే కావచ్చని ఒక్కదాంట్లోనూ రాయలేదు.

పెద్దకర్మ నాడు వీధిలో షామియానా వేశారు. భోజనాల వరసలో స్టాండు డ్రైవర్ల ఎదురుగా షెడ్డు ఓనరు కూర్చున్నాడు. రెండో వడ్డన అయ్యాక గొంతు సవరించుకుని, "పాపం, మంచి మనిషి. ఆ రోజు నేను బండి నిలబెట్టకపోతే ఈ ఇల్లు ఏమయ్యేదో," అన్నాడు.

సాంబారు బకెట్ కింద పెట్టాను. గడప తొక్కొద్దనడానికి ఆమె లేదిప్పుడు.

"అన్నా, చైను మీది మూత నువ్వేగా విప్పింది. బోల్టులన్నీ ఒకటే పొడుగా?"

"ఆ... ఒకటే సైజురా. కంపెనీవి కదా."

ఎదురు వరసలో చేతులు ఆగాయి. "ఒకటే సైజా? మూత బోల్టులా అన్నా?" అని ఒక డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు.

నేను బాబాయ్ వైపు తిరిగాను. గుండుతో, పెరుగు బకెట్ పట్టుకుని వరస చివర నిలబడి ఉన్నాడు.

"నువ్వు చెప్తావా బాబాయ్, నన్ను చెప్పమంటావా?"

బాబాయ్ బకెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మా ఆవిడ," అన్నాడు. ఎవరో, "ఏంటీ?" అన్నారు. "చైను మార్చింది మా ఆవిడ. బండి షెడ్డుకి పోనేలేదు. నేనే అబద్ధమాడా."

షెడ్డు ఓనరు సగం విస్తట్లోంచి లేచి, చెయ్యి కూడా కడగకుండా వెళ్ళిపోయాడు. తినేవాణ్ణి లేపుతావురా అని పెద్దవాళ్ళు నన్ను తిట్టారు. పిన్ని ఉంటే ఆవిడా తిట్టేది. నాకు చింత లేదు. ఇంకోసారి ఆ మాట అతని నోట వస్తే హైవే మీద ప్రతి బండీ ఆపి చెప్తాను. పిన్నీ, నీకు నేను ఎంతో రుణపడ్డాను గానీ, ఓర్పు ఒక్కటి నీ దగ్గర నేర్చుకోలేదు.

బాబాయ్ పెరుగు వడ్డించుకుంటూ ఆ ఖాళీ కుర్చీ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఎత్తిన గరిటె ఎత్తినట్టే ఉంది. దాని అంచు నుంచి పెరుగు చుక్కలు చుక్కలుగా ఆ సగం తిన్న అన్నం మీద పడుతోంది. ముందుకు పోవాలో, అక్కడే వడ్డించాలో ఆయనకి తెలియడం లేదు. వరసంతా తలెత్తి చూస్తోంది. ఎవరో ఒకరు వెళ్ళి ఆ బకెట్ అందుకోవాలి. అందరికంటే దగ్గర్లో ఉన్నది నేనే. ఇన్నాళ్ళూ ఆ అబద్ధాన్ని మోసిన చెయ్యే అది.

అందుకోలేదు.