మంద పెట్టిన చేను

గ్రూపు లోన్లతో ఊళ్లు బాగుపడతాయని వికారాబాద్ కాలేజీలో మా సారు చెప్పినప్పుడు నేను కాదనలేదు. మా పక్కింటి చిన్నమ్మ ఆ డబ్బుతోనే కుట్టుమిషను కొని, ఇప్పుడు తాండూరులో దుకాణం పెట్టింది. ఇద్దరు ఆడపిల్లలకు పని కూడా ఇచ్చింది. మెచ్చుకోవాల్సిందే. కానీ అదే గ్రూపులో మా అమ్మా ఉండేది. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మాది కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ లోన్‌తో అమ్మ చిన్న మంద కొన్నది. ఎండాకాలం రాత్రుళ్లు మందను రైతుల చేలల్లో పడుకోబెడతాం. ఎరువు వాళ్లకు, కూలి మాకు. ఆ కూలితోనే వారం వారం కిస్తీ కట్టాలని అమ్మ అనుకుంది. ఆ ఏడు తన చేన్లో మంద పెట్టించుకున్న బంట్వారం పటేలు మాత్రం, "పంట రాంగనే జొన్నలు కొలుస్త," అన్నాడు. తాతల నాటి పద్ధతే కదా, అమ్మ సరేనంది. కిస్తీ పంటదాకా ఆగదని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

గ్రూపులో ఒక్కరు కట్టకపోయినా మిగతావాళ్లు లేవకూడదు. అమ్మ దగ్గర కిస్తీకి డబ్బు లేని వారం చిన్నమ్మ వాకిట్లో ఆడవాళ్లందరూ పొద్దెక్కేదాకా కూర్చున్నారు. వసూలుకు వచ్చినాయన ఒక్క గట్టి మాట అనలేదు. పక్కవాళ్ల మొహాలే చాలు. చివరికి చిన్నమ్మ తన డబ్బు వేసింది. మరుసటి వారమూ వేసింది. ఆ తర్వాత తల దించుకుని, "అక్కా, ఏమనుకోకు. గ్రూపు చెడితే నాకు కొత్త లోన్ రాదు. దుకాణం కిరాయి యాడికెల్లి కట్టాలె?" అంది.

"నీ తప్పేమున్నది చెల్లె," అంది అమ్మ. ఇంకెప్పుడూ ఎవరి ముందూ అలా కూర్చోనని ఇంటికొచ్చి ఏడ్చింది.

మంద మొత్తాన్ని తాండూరు సంతకు తోలారు. సగానికి పైగా సూడి గొర్రెలు, కొన్నాళ్లు ఆగితే పిల్లలు పెట్టేవి. సూడి గొర్రెను కోతకు అమ్మడం మా ఇంట్లో పాపం. నాన్న బేరం దగ్గర నిలబడలేక టీ కొట్టుకు వెళ్లిపోయాడు. అమ్మ ఒక్కతే నిలబడి అమ్మి, డబ్బు కొంగున ముడేసుకొచ్చి అప్పంతా తీర్చేసింది.

పంట వచ్చాక పటేలు మాట తప్పలేదు. మా వాకిట్లోకే వచ్చి జొన్నలు నిండుగా కొలిచి, పైన ఇంకో దోసెడు పోశాడు. చేను మస్తు పండిందని ఒకటే సంబరం. "మల్ల ఎండకాలం గూడ మా చేన్లనే మంద పెట్టాలె, మరువకు," అన్నాడు.

అమ్మ గొర్రెల దొడ్డి వైపు చూసింది.

"ఏ మంద, పటేలా?" అంది.