బొందలగడ్డ మీద వేసిన బాట

గద్వాలలో చచ్చినవాళ్ళకు కూడా ఎవరి వాడలు వాళ్ళకుండేవి. సంస్థానం వాళ్ళకు చెక్కుడురాళ్ళ మంటపాలు. ముసల్మానుల గోరీలకు సున్నం, ఉర్సు నాడు పచ్చ చాదర్లు. పాదిరి దొరల సమాధుల చుట్టూ ప్రహరీ, లోపల పేర్లు చెక్కిన పాలరాతి పలకలు. ఊరు దాటాక ఎర్రమట్టి దిబ్బ మీద మా కూలిజనం బొందలగడ్డ. మేము కాల్చం, పూడుస్తాం. తల దగ్గర ఒక రాయి పాతుతాం. పేరు చెక్కించడానికి మాలో అక్షరాలు ఎవరికి వచ్చు?

కలరా గత్తర వచ్చిన ఏడు మా అమ్మ పోయింది. పొద్దున కలుపుకు పోయిన మనిషికి పొద్దు గుంకేసరికి కళ్ళు లోతుకు పోయాయి. అప్పుడు ఇంటింటా చావే. మోసేవాళ్ళు దొరక్క ఒకే గోతిలో ఇద్దరినీ ముగ్గురినీ పెట్టారు. నేను కడుపుతో ఉన్నానని నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత నాయిన ఒక నల్లరాయి మోసుకొచ్చి, దాని మీద ఉలితో కొడవలి గుర్తు కొట్టి అమ్మను పెట్టిన గోతి మీద పాతాడు. జొన్నకోతలో అమ్మను మించి పోయేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఆ రాయి కడిగి రొట్టె పెట్టి వచ్చేవాళ్ళం.

కొన్నేళ్ళకు రోడ్డు పని వచ్చింది. బాట కొలిచి గుంజలు మొదట పాదిరి దొరల ప్రహరీ వైపు పాతారు. తర్వాత పీకి మా దిబ్బ మీద పాతారు. నాయిన పోయి మేస్త్రి ముందర కూలబడ్డాడు. వెనక నేనున్నాను.

"బాంచెన్ దొరా, జర పక్కకు జరపుండ్రి. ఆడ మా పెద్దలున్నరు."

"యాడికి జరపాలె? ఆ దిక్కు గోడ ఉన్నది, కనిపిస్తలేదా? నీ దిక్కు ఉన్నయన్నీ రాళ్ళే గదా," అన్నాడు మేస్త్రి. తిరిగి పోబోతూ, "కావాలంటే మీ బొక్కలు మీరు ఏరుకపోండ్రి," అన్నాడు.

తెల్లవారి గంప, గడ్డపార పట్టుకుని ఇద్దరం పోయాం. కొడవలి రాయి పక్కకు దొర్లించి నాయిన తవ్వాడు. ఎముకలు బయటపడ్డాయి. ఒకరివి కావు. ఒకరి చేయి ఇంకొకరి పక్కటెముకల మీద, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. నాయిన ఒకటి తీస్తాడు, తుడుస్తాడు, గంపలో వేస్తాడు, మళ్ళీ తీసి చూస్తాడు.

"ఇందుల మీ అమ్మ ఏది బిడ్డా?"

"నాకేం తెలుస్తది నాయినా?"

ఎండ నెత్తికెక్కింది. చివరికి గంపను మెల్లగా గోతిలోకే వంచాడు.

"వేరేటోళ్ళను తీస్కపోతే మీ అమ్మ ఈడనే ఉండిపాయె. ఉండనీ. అందరు ఒక్కతాన్నే ఉండనీ."

రాయినైనా తెచ్చుకుందామంటే, నాయినకు అప్పటి సత్తువ లేదు, మా ఇద్దరి వల్లా కాలేదు. మర్నాడు మా ఆయన్ను వెంటబెట్టుకుని పోయేసరికి దాన్ని కంకర కొట్టేశారు. కొట్టిన ఆడవాళ్ళు మా వాడ వాళ్ళే. ఒకామె నన్ను చూసి సుత్తె కింద పెట్టి ఏడ్చింది. ఆమెను ఏమనగలను? దిబ్బను చదును చేసి, కంకర పరిచి, మీద రోలరు నడిపించారు.

నాయిన ఆ తర్వాత కూలికి పోలేదు. పిలిస్తే పలికేవాడు, అంతే. పెట్టింది సగం తిని పళ్ళెం జరిపేవాడు. ఎండలు ముదరకముందే పోయాడు.

మాకు కొత్తగా చూపించిన జాగా వాగు ఒడ్డున ఉంది. మోకాలి లోతు తవ్వగానే బండ తగిలింది. నాయినను ఆ లోతులోనే పెట్టి, మట్టి చాలక పైన ముళ్ళకంప కప్పాం. వానలు పడ్డాక మా ఆయన, నేను చూడటానికి పోయాం. ఒడ్డు కోసుకుపోయింది. కంప లేదు, మట్టి లేదు. వాగు ఎర్రగా పారుతోంది. నేను వంగి నీళ్ళ అంచు వెంబడి వెతకబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం దేవులాడుతవు? ఈడ ఏం లేదు. పా, ఇంటికి పోదాం."

పోయాం. మర్నాడు కలుపుకు పోవాలి.