జోసఫిన్ నామినేషన్ కాగితాలు

జోసఫిన్ ఇరవై రెండేళ్ళుగా నర్సు. అమెరికాలో నేపర్‌విల్ ఊరి దగ్గర ఒక ఆసుపత్రిలో తొమ్మిదిమంది రోగులకు తానొక్కతే దిక్కైన రోజున, ఒక ముసలాయన బెల్లు నొక్కి నొక్కి ప్రాణం వదిలాడు. ఆ వేళకు ఆమె పక్కగదిలో ఇంకొకరికి సూది వేస్తోంది. తర్వాత చాలా రోజులు ఆమెకు అన్నం సయించలేదు. ఒక్కో నర్సుకు ఇంతమందే రోగులని చట్టం తేవాలని పట్టుబట్టి, రాష్ట్ర శాసనసభకు పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ ఎన్నికలో దిగింది. నోట్లో నాలుక లేని మనిషి! చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

బ్యాలెట్ మీద పేరు రావాలంటే ఆ నియోజకవర్గం ఓటర్లవి ఐదు వందల సంతకాలు కావాలి. డ్యూటీ దిగి, కాళ్ళు పీకుతున్నా ఇల్లిల్లూ తిరిగింది. కొందరు మొహం మీదే తలుపేశారు. ఒకడైతే కుక్కను ఉసిగొల్పాడు. అలా మూడు వందల చిల్లర పోగుచేసింది. మిగతావి తెలుగు చర్చి పెద్ద దైవాశీర్వాదం గారు నెత్తిన వేసుకుని, ఒక్క ఆదివారం ఆరాధన అయ్యాక రెండు వందల యాభై తెచ్చి చేతిలో పెట్టారు. అందరూ నా కళ్ళెదుటే సంతకం చేశారని ప్రతి కాగితం కిందా ప్రమాణం చేసి, తన సంతకమూ గీశారు.

ఆ చర్చిలో ఒక రివాజు ఉంది. ప్రేమవిందు జాబితా అయినా, పిల్లల క్యాంపు ఫారం అయినా, ఇంటిల్లిపాది సంతకాలూ ఇంటాయనే పెట్టేస్తాడు. భార్యది, కొడుకుది, కోడలిది, అన్నీ ఒకే చేత్తో టకటకా. నామినేషన్ కాగితాల మీదా అదే జరిగింది. దైవాశీర్వాదం గారికి అందులో మోసం కనిపించలేదు. పాపం, అక్కడ ఎవరికీ కనిపించలేదు.

ప్రత్యర్థి లాయరుకు కనిపించింది. ఆ సంతకాలు చెల్లవని ఎన్నికల బోర్డుకు ఫిర్యాదు చేశాడు.

విచారణ రోజు జోసఫిన్ తరఫు లాయరు అనుష్క, అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఆమెను పక్కకు పిలిచింది. "ఆంటీ, దైవాశీర్వాదం అంకుల్ షీట్స్ అన్నీ పోతే మనం అవుట్. ఫ్యామిలీలో రైటింగ్ సేమ్ ఉంటుంది అని చెప్పండి, చాలు." జోసఫిన్ తలూపింది. చచ్చిపోయిన ఆ ముసలాయన కోసం ఆ మాత్రం అబద్ధం ఆడవచ్చులే అనుకుంది.

లోపల ప్రత్యర్థి లాయరు ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. పదకొండో వరుసలో సంతకం మీదేనా అని అడిగాడు.

ఆమె పేరే. ఆ ఆదివారం ఆమె డ్యూటీలో ఉంది. పై వరుసలో భర్త కాలేబ్ పేరు, కింద ఆమె పేరు, రెండూ ఆయన వంకర రాతే. ఆమెకు ఒళ్ళు మండింది, వెంటనే సిగ్గూ వేసింది. అవునంటే గండం గట్టెక్కేది. అనుష్క ఆమెకేసే చూస్తోంది.

కాదని చెప్పింది.

కళ్ళెదుటే చేశారన్న ప్రమాణమే అబద్ధమని తేలడంతో దైవాశీర్వాదం గారి కాగితాలన్నీ కొట్టేశారు. ఆమె పేరూ పోయింది. పోటీలో ప్రత్యర్థి ఒక్కడే మిగిలాడు. ఇక నర్సుల ఊసెత్తే నాథుడు లేడు.

బయట పెద్దాయన ఆమె చేతులు పట్టుకున్నారు. "మన సంఘంలో ఎప్పుడూ ఇట్టాగే గదమ్మా చేస్తాం! నా మీద కేసు పెడతారా?"

కార్లో కాలేబ్ రుసరుసలాడాడు. "యెస్ అంటే సరిపోయేది గదా? నువ్వు డ్యూటీలో ఉన్నావ్, నేను సైన్ చేశా. ఇంట్లో అన్నీ నేనే గదా చేసేది? ఎప్పుడన్నా ఎందుకని అడిగావా?"

"అడగలేదండీ," అంది జోసఫిన్. "ముక్కూ మొహం తెలియనోళ్ళ గుమ్మాల్లో నిలబడి, మూడు వందలమందిని సంతకం పెడతారా అని అడిగాను. మీరు నన్నొక్కదాన్ని అడగలేకపోయారు."