సుందరి టీచర్ కొట్టేసిన మాట

బాలత్రిపురసుందరి అని పూర్తిగా పిలిచే ఓపిక ఆ హైస్కూల్లో ఎవరికీ లేదు. అందరికీ ఆమె సుందరి టీచరే. నల్లపాడు నుంచి ఆటోలో వచ్చి ఇరవయ్యారేళ్లుగా ఆ పల్లె పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. ఆమె క్లాసులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా మాట మీద తగువొస్తే తీర్పు ఆమె చెప్పదు. తగువు పెట్టుకున్న పిల్లే బల్ల దగ్గరికొచ్చి, టీచరు మొదటి జీతంతో గుంటూరులో కొన్న డిక్షనరీ తెరిచి, ఉందో లేదో అందరికీ వినపడేలా చెప్పాలి. తన మాట కంటే పుస్తకం మాట పెద్దదని పిల్లలకు తెలియాలని ఆమె ఉద్దేశం.

ఈ ఏడు ఇంగ్లీషు వ్యాసరచనలో మొదటొచ్చిన పిల్లను విజయవాడ పోటీకి పంపుతామన్నారు. తొమ్మిదో తరగతి సిద్దికా, ఒంగోలు వెళ్లిపోయిన స్నేహితురాలి గురించి రాసింది. ఫోన్ ఎత్తకుండా, మెసేజికి బదులివ్వకుండా, కనీసం ఒక పోట్లాటైనా లేకుండా మనిషి మాయమైపోతే ఇప్పటి పిల్లలు దాన్ని ఘోస్టింగ్ అంటారు. ఆ మాట మూడుసార్లు వచ్చింది. దయ్యానికి క్రియాపదమేమిటని టీచరుకు ఒళ్లు మండింది. మూడుచోట్లా ఎర్రసిరాతో కొట్టేసి ఒకటిన్నర మార్కు తీసేసింది. సిద్దికా తగువు పెట్టింది. పద్ధతి ప్రకారం పుస్తకం తెరిచి, వెతికి వెతికి, లేదని తన నోటితోనే చెప్పింది. క్లాసంతా నవ్వింది. ఒక్క మార్కు తేడాతో అదే క్లాసు వేదశ్రీ గెలిచింది.

నెల తిరక్కుండానే ఎవరో దాతలు స్కూలుకు కొత్త డిక్షనరీ పంపారు. బీరువాలో పెట్టబోతూ టీచరు ఊరికే ఆ మాట కోసం పేజీలు తిప్పింది. ఉంది. సిద్దికా రాసిన అర్థంతోనే ఉంది.

తన పుస్తకం వయసు తన సర్వీసంత అని ఇన్నాళ్లూ ఆమెకు తట్టనే లేదు. తిన్నగా హెడ్మాస్టరు రామకాంత్ గారి దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన అంతా విని కళ్లజోడు తీశారు.

"పేరు పంపేశామండి. ఎల్లుండే పోటీ. ఇప్పుడు వేదశ్రీని పిలిచి ఏమని చెబుతారు, మీరే చెప్పండి."

వేదశ్రీ చేసిన తప్పేం లేదు.

సాయంత్రం టీచరు మిరప కల్లానికి వెళ్లింది. అక్కడ సిద్దికా, తల్లి నాజియాతో కలిసి ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. ఆ ఘాటుకు రెండుసార్లు తుమ్మాక గాని టీచరు సంగతి చెప్పలేకపోయింది. ఇంత దూరం మీరు రావాలా అని నాజియా నొచ్చుకుంది. సిద్దికా మాత్రం ఏరడం ఆపలేదు.

"నన్ను విజయవాడ పంపలేరుగా టీచర్?"

"పంపలేనమ్మా."

"మరి లేదని నాచేత చెప్పించారుగా. ఉందని మీరు చెప్పండి. అందరి ముందూ."

"నోరు ముయ్యవే," అంది తల్లి.

"చెబుతాను," అంది టీచరు.

మర్నాడు మొదటి పీరియడ్లో కొత్త పుస్తకం తెరిచి చదివింది. తప్పు తనదేనంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సిద్దికా తలెత్తలేదు. ముందు బెంచీలోంచి వేదశ్రీ లేచి నిలబడింది.

"అయితే నేను వెళ్లొద్దా టీచర్?"

వెళ్లాలనే చెప్పింది టీచరు. నీ వ్యాసమూ మంచిదేనంది. చెబుతున్నకొద్దీ ఆ పిల్ల కళ్లు నిండుతూనే ఉన్నాయి. వెనక బెంచీలో ఆశ్రిత తన పాత పరీక్ష పేపర్లు బయటికి తీసి, ఎర్రగీతలున్న చోటల్లా వేలు పెట్టి చూసుకుంటోంది. ఆమెను చూసి పక్క పిల్ల, ఆ పక్క పిల్ల, ఒక్కొక్కరే సంచులు తెరవసాగారు.